సుభద్ర గారు వెతికిన గోడ

డాక్టర్ సుభద్ర గారు ఇక లేరు. మంగళవారం ఉదయం ఐర్లండ్‌లో కార్క్ నగర శివారైన బాలింకాలిగ్ నుంచి ఆసుపత్రికి వెళుతూ సిగ్నల్ దగ్గర ఆగి ఉండగా ఆమె పక్కింటి నోరా ఫోన్ చేసింది. ఆ ఐరిష్ పెద్దావిడ మామూలుగా వాన దగ్గర మొదలుపెట్టి గానీ అసలు సంగతికి రాదు. ఆ రోజు మాత్రం "షీ ఈజ్ గాన్, లవ్" అని ఊరుకుంది. పచ్చలైటు పడి మళ్లీ ఎర్రలైటు పడింది. వెనక ఉన్నవాళ్లెవరూ హారన్ కొట్టలేదు. ఎనిమిది నెలలుగా ఎదురుచూస్తున్న వార్తే అయినా, చెవిన పడేసరికి బండి కదిలించడం మరిచిపోయాను.

ఆ దుఃఖం ఐదు రోజులు నిర్మలంగా ఉంది. ఆరో రోజు మనవాళ్లు సంస్మరణ సభ పెట్టి దాన్ని మైలపరిచారు. ఆ సభ నుంచి నేను జుగుప్సతో బయటికి వచ్చాను. అందులో అధికభాగం నా మీద నాకు కలిగిన జుగుప్సే కనుక ఎవరూ నొచ్చుకోనక్కరలేదు. సోమవారం పూజల బృందానికి పెద్ద అయిన రాఘవన్న సభకు ముందే నన్ను అడిగి ఉన్నాడు: "తమ్మీ, మేడమ్ గురించి నాలుగు మంచి మాటలు రాయి. ఫొటోతోని సంస్మరణ సంచిక వేద్దాం." ఇవిగో, రాస్తున్నాను. నాలుగు మంచి మాటలే కాదు, నలభై ఉన్నాయి. వాటితోపాటు ఒక చెడ్డ మాట కూడా ఉంది. దాన్ని తీసేసి వేసేట్టయితే ఈ వ్యాసం వేయవద్దు.

సుభద్ర గారిది తెనాలి. ముప్పయ్యేళ్ల క్రితం ఒక సూట్‌కేసుతో కార్క్ వచ్చి, ఇక్కడి ప్రభుత్వాసుపత్రిలో పాథాలజిస్టుగా స్థిరపడ్డారు. దేహం నుంచి కోసి తీసిన ముక్కను సూక్ష్మదర్శిని కింద పెట్టి, రోగమేదో తేల్చి చెప్పే విద్య ఆమెది. రోగి ముఖం చూడని వైద్యం. ఆమె చలవ వల్ల బతికిన వేలమందికి ఆమె పేరు కూడా తెలియదు. పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగినవాళ్లకు మళ్లీ అడిగే ధైర్యం లేకుండా చేసి పంపేవారు. కరీంనగర్ నుంచి వచ్చి ఆమె దగ్గర శిష్యరికం చేసిన నాకు, ఐదేళ్లలో ఆమె నోట "బాగుంది" అన్న మాట రెండుసార్లు వినబడింది. ఆ రెండూ ఏ సందర్భాల్లోనో ఇప్పటికీ చెప్పగలను.

ఆమెకు ముక్కు మీద కోపమని అందరూ అంటారు. అది కోపం కాదు, అసహ్యం. అబద్ధం చూస్తే, అలసత్వం చూస్తే కలిగే అసహ్యం. "ఏది చూసినా పర్లేదులే అనేవాడితోనే నాకు భయమయ్యా" అనేవారు. ఈ దేశంలో పర్లేదు అనడానికి 'గ్రాండ్' అనే మాట ఒకటి ఉంది. వాన పడినా గ్రాండే, కాలు విరిగినా గ్రాండే. సుభద్ర గారు ముప్పయ్యేళ్లలో ఆ మాట ఒక్కసారీ వాడలేదు.

నేను చేరిన మొదటి వారంలో ఒక సీసా వచ్చింది. లోపల ఒక స్త్రీ రొమ్ము నుంచి తీసిన కణితి. చీటీ మీద పేరుంది, తేదీ ఉంది, కుడివైపుదో ఎడమవైపుదో లేదు. నేను సర్జన్‌కు ఫోన్ చేస్తే "ఓ, అది ఎడమదే, గ్రాండ్" అన్నాడు. రాసుకోబోతుంటే సుభద్ర గారు నా చేతిలోని కలం లాగేసుకున్నారు. ఆయనే స్వయంగా మెట్లు దిగి వచ్చి, సీసా చూసి, సంతకం పెట్టేదాకా మూత తీయలేదు. ఆయన గొణుక్కుంటూ వెళ్లాక నాతో అన్నారు: "ముక్క ఎక్కడిదో తెలిస్తేనే అది మాట్లాడుతుందయ్యా శ్రీధర్. చోటు తెలియని ముక్క కసాయి కొట్లో మాంసంతో సమానం."

ఆ దృష్టితోనే ఆమె శిథిలాలను ప్రేమించారు. సెలవు దొరికితే చాలు, పాత కోటలూ పాడుపడిన మఠాలూ వెతుక్కుంటూ కౌంటీ కౌంటీ తిరిగేవారు. కానీ ఆమె మనసంతా కచ్ ఎడారిలోని ధోలావీరా మీద ఉండేది. ఉప్పు నేల నడుమ కోటగోడలు కట్టుకుని, వేల ఏళ్ల నాడు మనుషులు కాపురాలు చేసిన సింధు నగరం. "వానలు లేనిచోట వాన కోసం ఊరు కట్టారయ్యా. మనం రోజూ వానలో తడుస్తూ తిట్టుకుంటాం. వాళ్లని ఒకసారి చూసి దణ్ణం పెట్టుకోవాలి" అని ఏళ్ల తరబడి అన్నారు. ముందటేడు డిసెంబరులో నేనూ, నా భార్య సునీతా, రాఘవన్నా ఇండియాలోనే ఉంటామని తెలిసి, మమ్మల్ని వెంటబెట్టుకుని బయలుదేరారు.

భుజ్ నుంచి కారులో పోతుంటే రోడ్డుకు రెండువైపులా చూపు ఆనినంత మేర తెల్లటి ఉప్పు. నగరం చేరాక, అరవై మూడేళ్ల ఆ మనిషి మా ముగ్గురికంటే ముందు నడిచారు. కోట ఎక్కడ, నడిమి ఊరు ఎక్కడ, కింది ఊరు ఎక్కడ, రాతిని తొలిచి కట్టిన జలాశయాలకు నీళ్లు ఏ దారిన వచ్చేవి, అన్నీ సొంత ఊరు చూపిస్తున్నట్టు చూపించారు. సునీత ఒక గోడకు ఆనుకోబోతే భుజం పట్టి పక్కకు జరిపారు. "ఆనుకోకమ్మా. ఇన్నాళ్లు నిలబడిందంటే మనబోటివాళ్లు రాకపోబట్టే."

ఆ రోజు ఆమె ఆనందాన్ని పాడుచేసినవాళ్లు తక్కువేం కాదు. ఒక కొత్త జంట కోటగోడ ఎక్కి, రంగు పొగలు వదులుతూ పెళ్లి ఫొటోలు తీయించుకుంటోంది. ఒకచోట ఎవడో మేకుతో తన పేరూ ప్రియురాలి పేరూ చెక్కాడు. వేల ఏళ్ల నాటి కాలువలో చిప్స్ పొట్లాలు ఎగురుతున్నాయి. సుభద్ర గారు ఒక్కొక్క పొట్లమూ ఏరి తన సంచిలో వేసుకున్నారు. "ఇన్ని వేల ఏళ్లు ఈ ఊరిని ఎండా గాలీ తినలేకపోయాయి. ఇప్పుడు వీళ్లొచ్చారు" అన్నారు. ఆమెతోపాటు నేనూ ఛీ ఛీ అన్నాను, అందరికంటే గట్టిగా అన్నాను. ఆ తర్వాత గంట కూడా గడవలేదు.

ఆమె జలాశయం దగ్గరికి వెళ్లారు. సునీత నీళ్ల సీసా కోసం కారు దగ్గరికి వెళ్లింది. రాఘవన్నా నేనూ ఒక గోడ వెంట నడుస్తున్నాం. ఒకచోట ఒక రాయి, జానెడు పొడవు, కొస గుండ్రంగా, మిగతా వరుస నుంచి కాస్త వదులుగా కనిపించింది. "అరే, గిదేందిరా, అచ్చం శివలింగం లెక్కనే ఉన్నది!" అన్నాడు రాఘవన్న. అంతే. మరెవరికైనా అది గోడలో రాయి. గుండ్రంగా కనిపించిన ప్రతి రాయికీ పసుపు పూసే మన కళ్లకు మాత్రం అది లింగమైంది. కారు తాళంచెవితో చుట్టూ మట్టి గీకి పెకలించాను. శాలువలో చుట్టి సునీత సంచిలో పెట్టాను. విమానాశ్రయంలో అడిగితే మసాలా నూరుకునే రాయి అని చెప్పాను. పొట్లాలు పారేసినవాళ్లు అక్కడ చెత్త వదిలారు, నేను ఊరిలో ముక్కను ఎత్తుకొచ్చాను. చదువుకున్న దొంగను కనుక భక్తి అని దానికి పేరు పెట్టుకున్నాను.

శివరాత్రికి సునీత పిలిస్తే సుభద్ర గారు పూజకు వచ్చారు. బాలింకాలిగ్‌లో మేం సోమవారాలు అద్దెకు తీసుకునే, చర్చివాళ్ల పారిష్ హాలు. ఇత్తడి పళ్లెంలో ఆ రాయి, మూడు విభూతి రేఖలు, పైనుంచి పాలధార. "ఐదు వేల ఏండ్ల నాటి లింగం మేడమ్! మన శ్రీధరే తెచ్చిండు" అని రాఘవన్న సంబరంగా చెప్పాడు. ఆమె అభిషేకం పూర్తయ్యేదాకా ఆగి, దగ్గరికి వెళ్లి, రాయిని రెండు చేతులతో ఎత్తి, రుమాలుతో పాలు తుడిచి, కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని తిప్పి తిప్పి చూశారు. స్లైడ్ చూసినట్టే చూశారు.

"అడుగున ఉలి దెబ్బలున్నాయి. ఒక ముఖానికే ఎండ తగిలి రంగు మారింది. మిగతా ముఖాలు వెలుతురు చూడలేదు. ఇది లింగం కాదు, గోడలో రాయి" అని నా వైపు తిరిగారు. "ఏ గోడయ్యా?"

నేను వంగి, ఒలికిన పాలు తుడవబోయాను.

"కోట గోడా, నడిమి ఊరి గోడా? కింది నుంచి ఎన్నో వరుస? ద్వారానికి కుడిచేతి వైపా, ఎడమా?"

"యాదికి లేదు మేడమ్."

కుళ్లిపోయిన ముక్క సీసాలో వచ్చిన రోజున కూడా ఆమె ముఖం అలా మారడం నేను చూడలేదు. "గుడినీ గుళ్లో లింగాన్నీ మింగేవాళ్ల గురించి విన్నాను. లింగం కాని రాయిని కూడా వదలనివాళ్లను ఇవాళ చూశాను" అని రాయిని పళ్లెంలో పెట్టి, చెప్పులు వేసుకున్నారు. సునీత ప్రసాదం డబ్బా పట్టుకుని వెంట పరుగెత్తింది. "ఆంటీ, పులిహోరన్న తీస్కోండి" అంటే, "వద్దమ్మా, వెగటుగా ఉంది" అని వానలోనే కారు దాకా నడిచివెళ్లారు.

మర్నాటి నుంచి నేను "ఏమయ్యా"ను కాదు, "డాక్టర్ శ్రీధర్"ను. నాతో తెలుగు మానేశారు. పని చెప్పేటప్పుడు ఇంగ్లీషు, పని అయిపోయాక మౌనం. వారానికొకసారి మాత్రం గుమ్మంలో నిలబడి "రాయి వెనక్కి వెళ్లిందా?" అని అడిగేవారు. ఆ ఒక్క ప్రశ్నకు తెలుగు ఉంచారు. నేను రాఘవన్నను అడగకపోలేదు. "ప్రాణప్రతిష్ఠ అయింది తమ్మీ. శివుని ఆజ్ఞ లేనిదే చీమైనా కుట్టదంటరు. ఆయనకే ఐర్లండ్ రాబుద్ధయింది, వచ్చిండు" అని నవ్వాడు. ఆ జవాబు విని మనసులో ఒక మూల హమ్మయ్య అనుకున్నాను. అప్పగిస్తే ఎవరు తెచ్చారని అడుగుతారు. చట్టం ఉంది, కేసు ఉంటుంది, వైద్యుడిగా నా రిజిస్ట్రేషన్ ఉంటుందో ఊడుతుందో తెలియదు. తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనకుండా పది నెలలు గడిపాను.

కిందటేడు డిసెంబరులో ఆమె సెలవు పెట్టారు. ఎక్కడికో ఎవరికీ చెప్పలేదు. జనవరిలో తిరిగివచ్చిన రోజున నా బల్ల మీద ఒక కవరు పెట్టి, ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నారు. కవరునిండా ధోలావీరా గోడల ఫొటోలు, ఒక్కోదాని మీద పెన్సిల్‌తో చిన్న గుర్తులు. ఆ రాయి కొలతలు సునీతనడిగి తెప్పించుకున్నారట. ఒక్కరే ఆ ఎడారికి వెళ్లి, దగ్గర్లో గది తీసుకుని, తొమ్మిది రోజులపాటు గోడ వెంట గోడ, వరుస వెంట వరుస, ఆ రాయంత ఖాళీ ఎక్కడుందో వెతికారు.

"ఇరవై మూడు సందులు కొలిచానయ్యా. ఏదీ కాదు. ఇంకా కింది ఊరు మిగిలింది. మోకాళ్లు సహకరించలేదు" అన్నారు. పది నెలల తర్వాత మళ్లీ ఆ "అయ్యా" విని నాకు ఏడుపొచ్చింది. ఎందుకింత శ్రమ మేడమ్, అధికారులకు రాయి ఇచ్చేస్తే చాలదా అన్నాను. "ఇస్తే ఏం చేస్తారు? అరలో పెడతారు. చోటు చెప్పకుండా ఇస్తే అరలో రాయి, మన హాల్లో రాయి రెండూ ఒకటే. దానికి నోరు తీసేసింది నువ్వు. నువ్వు నా దగ్గర నేర్చుకున్నవాడివి. అందుకని నేను వెళ్లాను."

అప్పుడైనా హాలుకు వెళ్లి రాయి పట్టుకురావలసింది. రేపు, ఎల్లుండి అన్నాను. ఫిబ్రవరిలో ఆమెకు కడుపునొప్పి మొదలైంది. తీసిన ముక్కను మరో ఆసుపత్రికి పంపబోతుంటే, తన స్లైడ్ తానే చూస్తానని పట్టుబట్టారు. ల్యాబ్‌లో మేమంతా చుట్టూ నిలబడితే, చాలాసేపు చూసి తలెత్తి "ఎవరు కోశారో గానీ చక్కగా కోశారు. చీటీ కూడా సరిగ్గా రాశారు" అన్నారు. తన మరణశాసనం చదువుతున్నప్పుడు కూడా పనితనం మెచ్చుకున్న మనిషి ఆమె. అక్కడున్న ఐరిష్ టెక్నీషియన్లు ఏడ్చారు, ఆమె ఏడవలేదు.

చివరి వారంలో చూడడానికి వెళ్లాను. మాట బలహీనపడింది. "రాయి?" అని అడిగారు. "హాల్లనే ఉన్నది మేడమ్" అన్నాను. అబద్ధం చెబితే కనిపెడతారని భయపడి నిజం చెప్పాను, ధైర్యం వల్ల కాదు. ఆమె కిటికీ వైపు తల తిప్పుకున్నారు. నేను లేచి వచ్చేదాకా మళ్లీ ఇటు తిరగలేదు. ఆమెతో నా చివరి సంభాషణ ఇదీ.

ఇక సభ సంగతి. దండ వేసిన ఆమె ఫొటో, పక్కనే బల్ల మీద ఆ రాయి, దాని ముందు సమోసాల ప్లేట్లు. ఆమెతో రెండు ముక్కలు మాట్లాడనివాళ్లు కూడా మైకు పట్టుకుని "సుభద్ర ఆంటీ నాకు అమ్మలాంటిది" అన్నారు. చివరగా రాఘవన్న లేచి, మేడమ్ గొప్ప శివభక్తురాలనీ, ఈ సింధులింగం ఆమె చేతుల మీదుగానే మనకు దక్కిందనీ, కట్టబోయే గుడిలో ఆమె పేరిటే దీన్ని ప్రతిష్ఠిస్తామనీ ప్రకటించాడు. చప్పట్లు మోగాయి. ఆమె జీవితమంతా ఏ మాలిన్యాన్ని చూసి ముఖం చిట్లించారో, దాన్నే తీసుకొచ్చి ఆమె ఫొటోకు దండగా వేస్తున్నారు. నోరు తెరిచి కాదనలేని శవానికి అబద్ధం తొడుగుతున్నారు. వాళ్ల చేతికి ఆ అబద్ధం అందించినవాణ్ణి నేను.

లేచి నిలబడ్డాను. మైకు అందలేదు, అవసరమూ రాలేదు. "అది మేడమ్ తెచ్చిన లింగం కాదు. నేను దొంగతనంగా పెకిలించి తెచ్చిన గోడ రాయి. వాపసు పంపమని ఆమె సచ్చేదాకా అడిగింది. నేను పంపలె" అన్నాను.

"గివన్నీ ఇప్పుడెందుకు తమ్మీ?" అన్నాడు రాఘవన్న, మైకు చేత్తో మూసి. "దేవుడైనంక మల్ల రాయి ఎట్లయితడు?"

నేను బల్ల దగ్గరికి వెళ్లి రాయిని చేతుల్లోకి తీసుకున్నాను. ఎవరూ అడ్డురాలేదు. గుమ్మం దాకా వచ్చేసరికి వెనక వరుసలోంచి ఒక పెద్దావిడ, ఎవరో చూడలేదు, "ఛీ" అంది. నన్నే అంది. ఆ సభ మొత్తంలో సుభద్ర గారికి తగిన మాట అదొక్కటే.

ఇప్పుడు ఆ రాయి మా వంటింటి బల్ల మీద ఉంది. భారతదేశానికి అప్పగిస్తూ, నా పేరూ చిరునామాతో ఉత్తరం రాశాను. కేసు పెడితే పెట్టుకోనీ. చేసిన పాపం చెబితే పోతుందంటారు గానీ, నాది పోదు. ఆమెలాంటి వైద్యులు మళ్లీ వస్తారేమో. చనిపోయిన ఊరిలోని ఒక రాయి కోసం మోకాళ్ల నొప్పులతో తొమ్మిది రోజులు ఎండలో వంగి, అదీ శిష్యుడు చేసిన తప్పుకు తాను వెతికే మనిషి ఇక రారు. ఆమె ఫొటోలు తీసుకుని, ఆమె ఆపిన చోటు నుంచి కింది ఊరు వెతకడానికి డిసెంబరులో నేను వెళుతున్నాను. దొరకదని నాకు తెలుసు.

ఎందుకంటే ఉత్తరంలో 'తీసిన చోటు' అని రాసి, కలం పట్టుకుని చాలాసేపు కళ్లు మూసుకున్నాను. ఆ మధ్యాహ్నమంతా తిరిగి కళ్లకు కట్టింది. గోడ మాత్రం రాలేదు. రాయి ఊడివస్తున్న క్షణంలో నేను గోడ చూడలేదు, ఆమె చూస్తున్నారేమోనని ఆమెనే చూశాను. ఎక్కడున్నారో ఇప్పుడైనా వేలు పెట్టి చూపించగలను: తూర్పు జలాశయం, పైనుంచి ఐదో మెట్టు, నీలం స్వెటర్, మా వైపు వీపు. వెనక మేం ఉన్నామన్న నమ్మకంతో ఒక్కసారైనా ఆమె తిరిగి చూడలేదు.